గల్ఫ్ సంపాదనతో కొన్న అద్దె ఇల్లు: కాగితం మీద ఎవరిది?

రాయచోటి, రాజంపేట మొదలుకొని జగిత్యాల, నిజామాబాద్ వరకు, హైదరాబాద్‌లోని బార్కస్ వరకు, కువైట్, సౌదీ, దుబాయ్ సంపాదనతో నిలదొక్కుకున్న కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. అక్కడ చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ములో పెద్ద వాటా చివరికి చేరేది ఇటుక, సిమెంటులోకే. తిరిగి వచ్చిన తరువాత ఉద్యోగం ఉండదు, పింఛను రాదు. కనీసం నెలనెలా అద్దె అయినా వస్తుందన్నది ఆ ఆలోచన. అది మంచి ఆలోచనే.

అయితే ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది. సంపాదించేవారు ఒకచోట, ఇల్లు మరొకచోట, అద్దె వసూలు చేసేవారు వేరొకరు. ఈ ముగ్గురినీ కలిపి ఉంచేది చాలా ఇళ్లలో నోటిమాట ఒక్కటే. అందరూ క్షేమంగా ఉన్నంతకాలం నోటిమాట బాగానే నడుస్తుంది. ఒక మరణం, ఒక పెళ్లి, ఒక అనారోగ్యం సంభవించినప్పుడు మాత్రం ప్రభుత్వ కార్యాలయమూ న్యాయస్థానమూ కాగితాన్నే అడుగుతాయి. అప్పుడు నష్టపోయేది ఎక్కువగా భార్య, తల్లి, చెల్లెలు. లేదా పాతికేళ్లు ఎడారిలో గడిపి వచ్చిన మనిషి. అందుకే ఇల్లు కొనేవారికీ, కొన్న ఇంటిని అద్దెకు ఇచ్చేవారికీ అవసరమైన విషయాలను ఈ వ్యాసంలో వరుసగా చెప్పదలిచాం.

దస్తావేజు ఎవరి పేరున?

అన్న కువైట్ నుంచి డబ్బు పంపుతాడు. తమ్ముడు ఊళ్లో తన పేరున ఇల్లు రిజిస్టరు చేయించుకుంటాడు. 'నీది నాది అని ఉందా' అనుకుంటారు. ఇది ప్రేమతో చేసే పనే కావచ్చు. కాని చట్టం దీనిని వేరుగా చూస్తుంది. 1988 నాటి బినామీ లావాదేవీల నిషేధ చట్టాన్ని 2016లో గట్టిగా సవరించారు. దాని ప్రకారం, లెక్క చూపగల సంపాదనతో భార్య లేక భర్త పేరున, పిల్లల పేరున ఆస్తి కొనవచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రుల విషయంలో మాత్రం, డబ్బు పెట్టిన వ్యక్తి పేరు కూడా ఉమ్మడి యజమానిగా పత్రాలలో ఉండాలి. తమ్ముని ఒక్కని పేరున ఉంటే, 'ఆ ఇల్లు నా డబ్బుతో కొన్నది, నాకు ఇప్పించండి' అని దావా వేసే దారిని కూడా ఆ చట్టం మూసివేస్తుంది. ఆ తమ్ముడు కాలం చేస్తే ఇల్లు అతని భార్యాపిల్లలకు చెందుతుంది. వారిని తప్పుపట్టడానికి వీలు లేదు. కాగితం వారికి చెప్పేది అదే.

తండ్రి పేరున కొన్నప్పుడు మరో రకమైన చిక్కు వస్తుంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటి డబ్బు మొత్తం పెద్ద కొడుకు పంపాడు, దస్తావేజు తండ్రి పేరున ఉంది. తండ్రి మరణించే నాటికి తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ముస్లిం వారసత్వ నియమం ప్రకారం తల్లికి ఎనిమిదవ వంతు పోగా, మిగిలినది కొడుకుకు రెండు, కూతురికి ఒకటి చొప్పున పంచాలి. ఆస్తిని 40 భాగాలుగా లెక్కిస్తే తల్లికి 5, ఒక్కొక్క కొడుకుకు 14, కూతురికి 7 వస్తాయి. డబ్బంతా పంపిన కొడుకుకూ దక్కేది 14 భాగాలే. 'నేనే కొన్నాను' అని చెల్లెలి ఏడు భాగాలను కాదనడం అన్యాయం అవుతుంది. తండ్రికి కానుకగా ఇవ్వాలన్న ఉద్దేశం లేకపోతే ఆ కొడుకుకూ అన్యాయమే జరిగినట్టు. ఈ రెండు అన్యాయాలకూ మూలం ఒక్కటే: కొన్ననాడు ఉద్దేశాన్ని కాగితం మీద పెట్టకపోవడం.

మా సూచన ఇది. డబ్బు ఎవరు పెడితే దస్తావేజులో వారి పేరు ఉండాలి. ఇద్దరు పెడితే ఇద్దరి పేర్లూ, ఎవరి వాటా ఎంత అన్నదీ రాయించాలి. తల్లిదండ్రులకు నిజంగా ఇల్లు బహూకరించదలిస్తే, అది కానుకేనన్న సంగతి భార్యకూ తోబుట్టువులకూ ముందే తెలియపరచాలి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపాలి. ఆ పత్రాలను దాచి ఉంచాలి. చేతికిచ్చి పంపిన సొమ్ముకు పదేళ్ల తరువాత సాక్ష్యం దొరకదు.

మరొక్క మాట. విదేశాలలో ఉద్యోగం చేస్తూ నివసించే భారతీయులు ఇక్కడ ఇల్లు, ఫ్లాటు, దుకాణం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి మాత్రం విదేశీ మారక నిబంధనలు సాధారణంగా అనుమతించవు. నగర శివార్లలో 'ఫామ్ ప్లాట్లు' అంటూ గుంటల లెక్కన అమ్మేవారు ఈ సంగతి చెప్పరు.

కొనేముందు చూడవలసినవి

ఈసీ తీశాం, శుభ్రంగా ఉంది అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఈసీలో కనిపించేది సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదైన లావాదేవీలు మాత్రమే. వారసుల మధ్య పంచని వాటాలు, రిజిస్టరు కాని ఒప్పందాలు, నడుస్తున్న దావాలు అందులో కనపడకపోవచ్చు. మన కుటుంబాలకు సంబంధించి ఇంకొకటి కూడా ఉంది: హిబా. ముస్లింలు నోటిమాటతో చేసే హిబాకు, ఇవ్వడమూ స్వీకరించడమూ ఆస్తిని అప్పగించడమూ సక్రమంగా జరిగి ఉంటే, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. సుప్రీంకోర్టు కూడా 2011లో ఈ సంగతిని స్పష్టం చేసింది. అంటే ఈసీలో తండ్రి పేరు ఉన్నా, ఆయన ఆ ఇంటిని ఎప్పుడో కూతురికి హిబా చేసి అప్పగించి ఉండవచ్చు. కనుక అమ్మేవారి కుటుంబంలోని పెద్దలతో, పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలతో మాట్లాడకుండా కొనరాదు. అమ్మకపు దస్తావేజులో వారసులందరి సంతకాలూ ఉండాలి. 'చెల్లెళ్లు అడగరులెండి' అన్న మాటకు విలువ లేదు.

రెండవది వక్ఫ్. వక్ఫ్ భూమిని ముతవల్లి సొంత ఆస్తి వలె అమ్మడానికి వీలు లేదు. ఆ భూమి మీద ఎన్ని చేతులు మారిన దస్తావేజులున్నా యాజమాన్యం చిక్కులోనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంది. ప్రభుత్వ, వక్ఫ్, దేవాదాయ, అసైన్డ్ భూములు అందులోకి వస్తాయి. సర్వే నంబరు చేతపట్టుకొని ఆ జాబితాను చూడడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపుపై 1977 నాటి చట్టం ఆంక్షలు విధించింది; తక్కువ ధర అని ఆశపడి, అది చూసుకోకుండా బయానా ఇస్తే వెనక్కి రావడం కష్టం.

మూడవది చెరువు. 2024లో హైదరాబాద్‌లో హైడ్రా ఏర్పడి చెరువుల ఆక్రమణలను తొలగించడం మొదలుపెట్టాక ఈ ప్రశ్న తీవ్రత అందరికీ తెలిసివచ్చింది. చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలోనూ, దాని చుట్టూ వదలవలసిన ఖాళీలోనూ ఉన్న స్థలం రిజిస్టరై ఉన్నా, ఇంటి పన్ను కడుతున్నా, రక్షణ ఉండదు.

అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనేవారు రెరా నంబరు అడగాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో కట్టే ప్రాజెక్టు నమోదు కాకుండా ప్రకటనలు ఇవ్వరాదు, బుకింగులు తీసుకోరాదు. రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డరు తీసుకోరాదు. 'ప్రీలాంచ్‌లో మొత్తం కడితే సగం ధరకే' అని గల్ఫ్‌కు ఫోను చేసి చెప్పేవారికి ఈ రెండు నిబంధనలూ వినిపిస్తే చాలు. అలాగే జీపీఏ మాత్రమే రాసి ఇల్లు అప్పగించడం అమ్మకం కాదని, దానివల్ల యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

అద్దె లెక్క వేసుకోవాలి

ఇంటి ధర 60 లక్షలు, అద్దె నెలకు 16 వేలు అనుకుందాం. ఏడాదికి 1,92,000. ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే 1,76,000 మిగులుతుంది. ఇంటి పన్ను, రంగులు, మోటారు మరమ్మతు, ఇతర ఖర్చులకు 26 వేలు తీస్తే చేతికి వచ్చేది 1,50,000. అంటే పెట్టుబడి మీద రెండున్నర శాతం. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చుల కింద కొన్ననాడే 7 శాతానికి పైగా అదనంగా పెట్టామని కూడా గుర్తుంచుకోవాలి. స్థలం విలువ పెరుగుతుందన్న నమ్మకం వేరు, నెలనెలా ఇల్లు గడిచే ఆదాయం వేరు. తిరిగి వచ్చాక అద్దె మీదే బతకాలనుకునేవారు, చూడడానికి గొప్పగా ఉండే ఒక పెద్ద ఇంటికంటే, బస్సుకూ బడికీ ఆసుపత్రికీ దగ్గరగా ఉండే రెండు చిన్న పోర్షన్లే మేలని గ్రహించాలి. ఒకటి ఖాళీ అయినా రెండవది ఆదుకుంటుంది.

పవర్ ఆఫ్ అటార్నీ: ఎంత అవసరమో అంతే

యజమాని విదేశంలో ఉన్నప్పుడు అద్దె ఒప్పందం మీద ఇక్కడివారు సంతకం పెట్టాలంటే వారికి లిఖితపూర్వకమైన అధికారం ఉండాలి. విదేశంలో రాసే పవర్ ఆఫ్ అటార్నీని అక్కడి భారత రాయబార కార్యాలయంలో అధికారి ఎదుట సంతకం చేసి ధ్రువీకరింపజేసుకోవాలి. ఆ పత్రం భారతదేశం చేరిన మూడు నెలలలోపు ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించి చెల్లుబాటు చేయించుకోవాలి. ఇందుకు జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయాన్ని సంప్రదించాలి.

ఈ పత్రంలో ఏమి రాస్తున్నామన్నది అన్నిటికంటె ముఖ్యం. అద్దె వసూలు, మరమ్మతులు, ఇంటి పన్ను చెల్లింపు, అవసరమైతే నోటీసు ఇవ్వడం వరకే అధికారం కావాలంటే ఆ నాలుగే రాయాలి. టైపిస్టు దగ్గర సిద్ధంగా ఉండే నమూనాలో అమ్మకం, తాకట్టు అధికారాలు కూడా ఉంటాయి. చదవకుండా సంతకం పెట్టరాదు. యజమాని జీవించి ఉన్నంతవరకే సాధారణంగా ఈ అధికారం ఉంటుంది. ఆయన మరణించిన తరువాత అదే పత్రంతో ఇల్లు అమ్మడానికి వీలు లేదు.

ఇంటిని చూసుకునే తమ్మునిదో బావమరిదిదో శ్రమ కూడా శ్రమే. ప్లంబరు కోసం తిరగడం, ఖాళీ అయినప్పుడు కొత్తవారిని వెతకడం ఉచితంగా జరిగే పనులు కావు. అద్దెలో కొంత భాగాన్ని వారికి ముందే నిర్ణయించి ఇస్తే ఇద్దరి మనసులూ తేలికగా ఉంటాయి. ఒక నోటు పుస్తకంలో వచ్చినదీ ఖర్చైనదీ రాసి, నెలకొకసారి ఫోటో తీసి పంపితే అనుమానానికి తావుండదు. లెక్క అడగడం నమ్మకం లేకపోవడం కాదు. అప్పు వ్యవహారాలను రాసుకొని సాక్షులను పెట్టుకొమ్మన్న బోధ మన ఇళ్లలో అందరికీ తెలిసినదే.

అద్దెకున్నవారితో ఒప్పందం

11 నెలల ఒప్పందం ఎందుకు రాస్తారన్నది చాలామందికి తెలియదు. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ గడువు. 11 నెలలు గడిచాక కొత్త ఒప్పందం రాసుకోవడం మాత్రం మరచిపోతారు. వివాదం వచ్చినప్పుడు చేతిలో ఉండేది ఎప్పుడో గడువు తీరిన కాగితం.

ఒప్పందంలో అద్దె, చెల్లించవలసిన తేదీ, అడ్వాన్సు, ఏటా పెంపు, కరెంటు, నీరు, మెయింటెనెన్సు ఎవరు కట్టాలి, చిన్న మరమ్మతులు ఎవరివి, పెద్దవి ఎవరివి, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎంత మినహాయిస్తారు అన్నవన్నీ స్పష్టంగా ఉండాలి. ఇల్లు అప్పగించేనాడు గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు ఎలా ఉన్నాయో ఇద్దరూ కలిసి వీడియో తీసుకోవడం మంచిది. అద్దెకు వచ్చేవారి గుర్తింపు పత్రాల నకళ్లు తీసుకొని పోలీసు స్టేషనులో వివరాలు ఇవ్వాలి.

అడ్వాన్సు యజమాని ఆదాయం కాదు. అది మన దగ్గర ఉన్న అమానత్. ఖాళీ చేసేనాడు తిరిగి ఇవ్వవలసిన సొమ్మును వేరే ఖాతాలో ఉంచాలి. 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దన్నది. రాష్ట్రాలు తమ చట్టాలలోకి తెచ్చుకుంటే తప్ప అది అమలులోకి రాదు కాని, మనం స్వయంగా పాటించడానికి అడ్డేమీ లేదు. పెద్ద మొత్తం ఒకేసారి తీసుకొని అద్దె లేకుండా ఇల్లు ఇచ్చే పద్ధతి కొన్ని పేటలలో ఉంది. అప్పు ఇచ్చి దానికి ప్రతిఫలంగా ఇంటిని వాడుకోవడం వడ్డీ కిందికే వస్తుందని ఎందరో ఉలమాలు అభ్యంతరం చెబుతారు. అది అలా ఉంచినా, తీసుకున్న లక్షలు ఖర్చైపోయి, తిరిగి ఇవ్వలేక యజమానే ఇంటిని పోగొట్టుకునే ప్రమాదం ఇందులో ఉంది.

అద్దె ఆగిపోయినప్పుడు కరెంటు తీసివేయడం, తాళం వేయడం, సామాను బయట పెట్టడం చట్టవిరుద్ధం. న్యాయం మన వైపు ఉన్నా అలా చేస్తే కేసు మన మీదికే వస్తుంది. ఒప్పందంలో వేరే గడువు లేకపోతే, నెలసరి అద్దెకు 15 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం చెబుతుంది. నోటీసు లిఖితపూర్వకంగా పోస్టులో పంపాలి. అప్పటికీ కదలకపోతే న్యాయస్థానమే మార్గం. పేరు వినగానే 'ఇల్లు ఖాళీ లేదు' అన్న జవాబు పొందిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఇంటి యజమాని అయిన నాడు ఎదుటివారిని వారి నడవడిని బట్టి, కట్టగల స్తోమతను బట్టి చూడడం మన బాధ్యత.

బ్యాంకు, పన్ను

విదేశంలో స్థిరపడి ఉద్యోగం చేస్తున్నవారు పాత సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వో ఖాతాగా మార్చుకోవాలి. ఇక్కడి అద్దె అందులో జమ కావాలి. యజమాని ఎన్నారై అయినప్పుడు, అద్దె ఎంత చిన్నదైనా, అద్దెకున్నవారు టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలన్నది నియమం. సెస్సుతో కలిపి ఇది సాధారణంగా 31.2 శాతం ఉంటుంది. ఇది తెలియక చాలామంది ఇద్దరూ చిక్కులో పడతారు. యజమాని మొత్తం ఆదాయం పన్ను పరిమితికి లోబడి ఉంటే, ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. లేదా రిటర్ను దాఖలు చేసి కోసిన సొమ్మును తిరిగి పొందవచ్చు. అద్దె నుంచి కట్టిన ఇంటి పన్నును తీసివేసి, మిగిలినదానిలో 30 శాతాన్ని మరమ్మతుల కింద చట్టమే మినహాయిస్తుంది. ఈ తతంగానికి ఒక మంచి పన్ను సలహాదారుకు ఇచ్చే ఫీజు నష్టం కాదు.

యజమాని లేని రోజున

మన కుటుంబాలలో ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే. యజమాని మరణించిన రోజు నుంచి ఇంటి మీద యాజమాన్యమూ, దానితోపాటు అద్దె కూడా వాటాల ప్రకారం వారసులందరిదీ అవుతుంది. అంతవరకు వసూలు చేస్తున్న సోదరుడు దానిని అలాగే ఉంచుకోవడానికి వీలు లేదు. ఏటీఎం కార్డు చేతిలో ఉందని మరణించినవారి ఖాతా నుంచి డబ్బు తీయడం కూడా తప్పే. వారసులందరూ కలిసి కూర్చుని, ఇకమీదట అద్దె ఏ ఖాతాలో వేయాలో రాసి, సంతకాలు పెట్టి అద్దెకున్నవారికి ఇవ్వాలి. లేకపోతే ఒకరి తరువాత ఒకరు వచ్చి అడుగుతుంటే వారు ఎవరికీ ఇవ్వకుండా ఆగిపోతారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకొని మున్సిపాలిటీలో పేర్లు మార్పించాలి. అయితే పన్ను రికార్డులో పేరు ఉన్నంత మాత్రాన అది ఒక్కరి ఆస్తి అయిపోదని గుర్తుంచుకోవాలి. వసియ్యత్ రాయదలచినవారు, అది ఆస్తిలో మూడవ వంతుకు మించరాదన్న పరిమితిని మరవరాదు. వారసులలో ఒకరికే ఎక్కువ రాయాలంటే మిగిలిన వారసుల సమ్మతి అవసరం.

భర్త గల్ఫ్‌లో ఉన్నప్పుడు ఇంటి పత్రాలు ఎక్కడ ఉన్నాయో భార్యకు తెలియని ఇళ్లు మన మధ్య ఎన్నో ఉన్నాయి. ఇది వెంటనే సరిదిద్దుకోవలసిన విషయం. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదు, అద్దె ఒప్పందం, పవర్ ఆఫ్ అటార్నీ నకలు, అడ్వాన్సుగా తీసుకున్న మొత్తం, ఇవ్వవలసిన అప్పులు అన్నీ ఒక పట్టీగా రాసి భార్యకు ఒక ప్రతి, నమ్మకమైన పెద్దకు ఒక ప్రతి ఇవ్వాలి. ఈసారి సెలవులో ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట దీనికి కేటాయించండి. తల్లిని, భార్యను, తోబుట్టువులను కూర్చోబెట్టి, ఇల్లు ఎవరి పేరున ఉంది, అద్దె ఎవరికి వెళుతోంది, ఎవరి హక్కు ఎంత అన్నది అందరి ఎదుటా చదివి వినిపించండి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ రోజే బయటపడుతుంది. అందరూ జీవించి ఉండగా, ముఖాముఖి కూర్చుని ఉండగా తీర్చుకోగలిగిన తగవు అది.